ఎల్క్ కూత అర్థం దూరంలో ఉంది

అమెరికా రాకీ కొండల్లో ఉండే ఎల్క్ అనే పెద్ద దుప్పి వేటకి వాడే పిలుపు సామాను (దాని గొంతుని అనుకరించే ఊదుడు సాధనాలు) కొంటే అట్టపెట్టె వెనక ఒక పట్టిక కనిపిస్తుంది. ఈ కూతకి "నేనిక్కడున్నా" అని అర్థం, ఈ కూతకి "రా, తేల్చుకుందాం" అని అర్థం, ఈ మూలుగుకి "ఎదకొచ్చాను" అని అర్థం. కొత్తగా విల్లు పట్టినవాళ్లు దాన్ని బట్టీపట్టి, నెలల తరబడి కారులో సాధన చేసి, సెప్టెంబరులో కొలరాడో కొండలెక్కి, అచ్చం అలాగే కూసి, ఉన్న మందను కొండ అవతలికి దాటించి వస్తారు. అలాంటప్పుడు కూతలో లోపమేమీ ఉండదు. ఆ పట్టికలో దూరం అనే గడి లేకపోవడమే లోపం.

నా వాదన ఇదే. ఎల్క్ భాషలో ఒక్కో కూతకి ఒక్కటే అర్థం అంటూ ఉండదు. అదే కూత 400 గజాల నుంచి వినిపిస్తే చిరునామా, 80 గజాల నుంచి వినిపిస్తే తిట్టు. ఎవరు, ఎవరితో, ఎంత దూరం నుంచి, ఎటు నడుస్తూ అంటున్నారో తెలియకుండా బదులివ్వడం, సగం విన్న ఫోనుకి "సరే సరే" అన్నట్టే. ఇళ్లలో గేదెలున్నవాళ్లకి ఇది విడమరచి చెప్పక్కర్లేదు. దూడ కోసం అరిచే అరుపు, దాణా కోసం అరిచే అరుపు, ఎదకొచ్చి అరిచే అరుపు పక్కింటివాడికి ఒకటేలా వినిపిస్తాయి. పాలు పితికేవాడికి మాత్రం వేళ, అరుపుల మధ్య ఎడం, తల ఎటు తిప్పిందన్నది కలిపి విషయం తెలిసిపోతుంది.

ఇది డెన్వర్, సాల్ట్‌లేక్ సిటీ, బాయిసీ చుట్టుపక్కల ఉండి విల్లువేట మొదలుపెడదామనుకునే తెలుగువాళ్ల కోసం. మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం వేట నేరం కాబట్టి ఈ మాటలన్నీ రాకీ కొండలకే. అక్కడ కూడా లైసెన్సులు, తేదీలు, ఏ ప్రాంతంలో ఎన్ని జంతువులన్నది ఆ రాష్ట్ర వన్యప్రాణి శాఖ ఏటా నిర్ణయిస్తుంది. కొలరాడోలో 1949 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లకి హంటర్ ఎడ్యుకేషన్ కార్డు ఉండాలి. విల్లు బిగువు కనీసం 35 పౌండ్లు, ములికి వెడల్పు కనీసం ఎనిమిదింట ఏడు వంతుల అంగుళం ఉండాలి. రికార్డు చేసిన కూతలు వినిపించే ఎలక్ట్రానిక్ పరికరాలకి పడమటి రాష్ట్రాల్లో చాలాచోట్ల అనుమతి లేదు, నోటితో చేసుకోవాల్సిందే.

జంతువు సంగతి. వాపిటి అని దీనికి ఇంకో పేరు. షానీ తెగవాళ్ల మాట అది, తెల్ల పిరుదుదని అర్థం. బాగా ఎదిగిన పోతు 300 కిలోలు దాటుతుంది, పెంటి 225 దాకా తూగుతుంది. మన నల్లమల కణుజు కంటే పెద్దది. దేశంలో దీనికి దగ్గరి చుట్టం కశ్మీరులోని హంగుల్.

ఎద కాలాన్ని నడిపేది పగటి పొద్దు. వేసవి ముగిసి పగళ్లు కురచవుతుంటే ఒంట్లో మార్పు మొదలవుతుంది. ఆగస్టులో పోతులు కొమ్ముల మీది నూగుతోలు చెట్లకేసి రాసి వదిలించుకుంటాయి. సెప్టెంబరు మధ్య నుంచి నెలాఖరు దాకా ఎద ముదురుతుంది. పెంటి ఎద ఇంచుమించు ఒక్క రోజే నిలుస్తుంది, కట్టకపోతే సుమారు మూడు వారాలకి మళ్లీ వస్తుంది. "ఈ ఏడు ఎండలెక్కువ, ఎద వెనకబడింది" అనే మాట ప్రతి క్యాంపులోనూ వింటాం. అది తప్పు. పిల్లలు ఏటా మే చివర, జూన్ మొదట్లోనే పుడుతున్నాయంటే, ఎనిమిది నెలల పైచిలుకు చూలు లెక్కన, కట్టడం కూడా ఏటా అదే రోజుల్లో జరుగుతోందన్నమాట. ఎండ వల్ల మారేది వేళ ఒక్కటే. పగలు నీడపట్టున పడుకుని, కూతలన్నీ రాత్రికి పెట్టుకుంటాయి. ఎద వెనకబడిందనుకుని ఇంటికెళ్లిపోయినవాడు మంచి వారాన్ని పోగొట్టుకుంటాడు. అదే వేటగాడు తెల్లవారుజామున మూడింటికి గట్టు మీద కూర్చుని, ఏ లోయలో కూస్తున్నాయో చెవితో గుర్తుపెట్టుకుంటే వేట సగం అయినట్టే.

ఇప్పుడు కూత. బ్యూగుల్ అని అమెరికావాళ్లనే ఈ కూత మందంగా మొదలై, పాత రైలు కూతలా ఈలగా పైకి లేచి, కాసేపు అక్కడే నిలిచి, దిగిపోతుంది. చాలాసార్లు దాని తోకగా "హ్యక్ హ్యక్ హ్యక్" అని గొంతులో గుక్కలు వస్తాయి. వీటిని చకిల్స్ అంటారు. 2016లో వెలువడిన ఒక పరిశోధన ఈ కూతలో ఒకేసారి రెండు స్వరాలు ఉంటాయని చూపించింది. ఒకటి 150 హెర్ట్జ్ దరిదాపుల్లో ఉండే మంద్రం, ఇంకోటి దాని మీద వెయ్యి హెర్ట్జ్ దాటి సాగే ఈల. వేటగాడికి ఇందులో పనికొచ్చే సంగతి ఒకటుంది. దూరం వెళ్లేది ఈల. దూరపు పోతు కూతలో ఈల ఒక్కటే చెవికి అందుతుంది. అడుగున గరగరమనే మంద్రం, చివరి గుక్కల మధ్య పీల్చే ఊపిరి వినిపించాయంటే పోతు దగ్గర్లో ఉన్నట్టు, వందా నూటయాభై గజాల లోపే అనుకోవచ్చు. కూత ఎంత గట్టిగా ఉందన్నది కొలబద్ద కాదు. పోతు తల అటు తిప్పి కూస్తే, మధ్యలో చిన్న గట్టు అడ్డమొస్తే, దట్టమైన స్ప్రూస్ చెట్లుంటే, దగ్గరి కూత కూడా దూరంగా అనిపిస్తుంది. అందుకే మొదటి కూతకే లేచి పరుగెత్తకండి. రెండు మూడు వినండి. ఒకే చోట నుంచి వస్తున్నాయా, జరుగుతున్నాయా, జరిగితే ఎటు? గొంతు బొంగురుగా ఉందని పెద్ద పోతనీ, సన్నగా ఉందని చిన్నదనీ కూడా తేల్చేయకండి. ఆరు కొమ్మల పెద్ద పోతులు సన్నగా కూయడం మామూలే.

దూరాన్ని మూడు వరసలుగా అనుకుందాం. 300 గజాలకి మించి ఉంటే అది ఉనికి చెప్పుకోవడమే. తోక లేని, ఒకే ఎత్తున సాగే తీరికైన కూత. దీనికి బదులు కూడా అంతే తీరిగ్గా, ఒక్కసారి, గుక్కలు లేకుండా ఇవ్వాలి. ఇచ్చి ఊరుకోవాలి. ఆ బదులు ఆచూకీ కోసమే; అక్కడి నుంచే దాన్ని రప్పిద్దామని చూడకూడదు. ఆచూకీ దొరికాక గాలి చూసుకుంటూ నడిచి దగ్గరికెళ్లాలి.

నూటయాభై, రెండు వందల గజాల దగ్గర ఆట మారుతుంది. ఇక్కడే ఎక్కువమంది పోగొట్టుకుంటారు. మంద ఉన్న పోతుకి కొట్లాట లాభసాటి బేరం కాదు. పది పెంటులు చేతిలో ఉండగా, కొత్తవాడితో తలపడి ఓడితే అన్నీ పోతాయి, గెలిచినా ఆ కాసేపట్లో పక్కన కాచుకున్న పోతులు రెండింటిని తోలుకుపోతాయి. అంత దూరంలో మీరు ఉరిమి సవాలు విసిరితే అది తెలివైన పనే చేస్తుంది: పెంటుల్ని కూడగట్టుకుని ఎదురు దిక్కుకి తోలుకుపోతుంది. అప్పుడు కూసే కూత విడ్డూరంగా ఉంటుంది. కురచగా, గుక్కలు ఎక్కువగా, ఘడియ ఘడియకీ వస్తుంది. వేటగాడు దాన్ని "నాకు బదులిస్తోంది, ఉడుకెత్తింది" అనుకుని ఇంకా గట్టిగా కూస్తాడు. నిజానికి అది మాట్లాడుతున్నది తన పెంటులతో, "నడవండి, నడవండి" అని. గుర్తు ఒకటే: ప్రతి కూతా కిందటిదాని కంటే దూరమవుతుంటుంది. అలా వినిపించగానే నోరు కట్టేసుకుని, మంద కంటే తక్కువ ఎత్తులోనో పక్కనో నడుస్తూ వెంబడించాలి. నిలబడి కూసేకొద్దీ మంద ఇంకా ముందుకి పోతుంది.

ఇక 80 గజాల లోపు. ఇక్కడ సవాలుకి విలువుంది. పోతు కూయడం మొదలెట్టి ఇంకా పూర్తి చేయకముందే దాని మీద కూత పడేస్తే, మాటకి అడ్డం తగిలినట్టు. ఆ దగ్గర్లో దానికి తప్పుకునే దారి లేదు. పెంటుల ఎదుటే జరుగుతోంది. అదే పని 300 గజాల నుంచి చేస్తే ఎవరికీ పట్టదు. కొమ్ములతో చెట్టుని చీల్చే చప్పుడు కూడా ఇక్కడి పనే. ముంజేతి మందం ఎండుకొమ్మ తీసుకుని చెట్టు బెరడు మీద పైకీ కిందకీ రాయాలి, మధ్యలో ఆగాలి, చిన్న కొమ్మలు విరవాలి, మడమతో నేల తన్నాలి. 300 కిలోల జంతువు అడవిలో నిశ్శబ్దంగా నడవదు. ఎంత బాగా కూసినా అడుగుల చప్పుడు లేకపోతే అది గాల్లోంచి వచ్చిన గొంతు.

ఇంకో చప్పుడుంది. ఎంతో దగ్గరకి చేరినవాళ్లకే వినబడుతుంది కాబట్టి దాని గురించి తక్కువమంది మాట్లాడతారు. పోతు ఒక పెంటి వెనక మెడ చాచి, ముట్టె పైకెత్తి నడుస్తుంటే దాని గొంతులోంచి "గ్లుక్… గ్లుక్… గ్లుక్" అని వస్తుంది. మూతి సన్నని కూజా వంచితే నీళ్లు గుటుక్కు గుటుక్కుమంటూ పడతాయే, సరిగ్గా అలా, కానీ లోపలెక్కడో, మూత పెట్టిన బాన లోంచి. కూతా కాదు, గుక్కా కాదు. పెదవులు కదలవు. యాభై అరవై గజాలు దాటితే వినిపించదు. ఇది విన్నారంటే మందలో ఒక పెంటి ఎదలో ఉంది, పోతు దాన్ని వదిలి రాదు. బ్యూగుల్ ట్యూబు (కూతని పెద్దది చేసే గొట్టం) మూతి మీద అరచేత్తో మెల్లగా తడితే దాదాపు ఈ చప్పుడే పుడుతుంది. ఎనభై గజాల లోపుకి చేరాక, పోతు కూతలకి బదులివ్వడం మానేసి, అటూ ఇటూ నాలుగైదు తట్లు తట్టి, ఒక చిన్న పెంటి మూలుగు కలపండి. "ఇక్కడ ఇంకో పోతు ఇంకో పెంటితో ఉంది" అని కథ పూర్తవుతుంది. సవాలు లేకుండానే మందపోతుని కదిలించగల మాటల్లో నాకు దీని మీదే నమ్మకం ఎక్కువ.

పెంటుల మాటలు వేరే లోకం. రోజంతా మందలో వినిపించేవి ఇవే. మ్యూ అనే చిన్న పిలుపు పైన మొదలై కిందికి జారుతుంది, అరసెకను, మహా అయితే ఒక సెకను. "ఉన్నావా? ఉన్నాను" అన్నంత మామూలు మాట. తప్పిపోయిన పెంటి పిలుపు పొడుగ్గా, గట్టిగా, ఆరాటంగా ఉంటుంది. పిల్ల పిలుపు సన్నగా, కురచగా. ఎదకొచ్చిన పెంటి మూలుగు సాగదీసి, ముక్కుతో కలిసినట్టు ఉంటుంది. దుకాణాల్లో ఈ చివరిదానికే గిరాకీ, అడవిలో ఎక్కువ దుర్వినియోగమయ్యేదీ ఇదే. సెప్టెంబరు మొదటి వారంలో, ఒక్క పెంటీ ఎదకి రానప్పుడు, రోజుకి ఇరవైసార్లు ఎద మూలుగు వినిపిస్తే పోతులు ఆ చోటుని తప్పించుకోవడం నేర్చుకుంటాయి. మామూలు మ్యూ మాత్రం ఏ వారంలోనైనా, ఏ దూరంలోనైనా చెల్లుతుంది. చేతనైన పిలుపు ఒక్కటే ఉండాలంటే, నా ఓటు దానికే.

సాధనం గురించి. డయాఫ్రమ్ అంటే గుర్రపులాడం ఆకారపు సన్నని చట్రం మీద బిగించిన లేటెక్స్ పొర, చుట్టూ టేపు. తెరిచి ఉన్న వైపు పళ్లకేసి పెట్టి, అంగిటికి ఆనించాలి. నాలుక మధ్యభాగం పొరకి తాకీ తాకనట్టు ఉండాలి. బుగ్గలతో ఊదకూడదు; అద్దం మీద ఆవిరి పట్టడానికి "హా" అంటామే, ఆ గాలి పొట్టలోంచి రావాలి. నాలుక ఒత్తిడి పెరిగితే స్వరం పైకి, తగ్గితే కిందికి. మొదటి వారమంతా ఒకే స్వరాన్ని ఐదు సెకన్లు వణుకు లేకుండా నిలపడమే సాధన. అది కుదిరాక "ఈ…యా" అని నాలుక వదిలితే మ్యూ వస్తుంది. బ్యూగుల్ దీనికి తిరగేత: వదులుగా మొదలెట్టి, బిగిస్తూ పైకెళ్లి, నిలిపి, ఒక్కసారిగా వదలాలి. అసలు శబ్దమే రాకపోతే పక్కల నుంచి గాలి పోతోందని అర్థం. చట్రాన్ని కొద్దిగా వంచి అంగిటికి సరిపెట్టుకోవాలి. వాంతి వచ్చినట్టుంటే వెనక టేపుని కత్తెరతో పిసరంత కత్తిరించాలి, చట్రాన్ని మాత్రం ముట్టుకోకూడదు. వాడాక మంచినీళ్లతో కడిగి, పొరల మధ్య అగ్గిపుల్లంత పుల్ల పెట్టి ఆరబెట్టాలి, లేకపోతే అంటుకుపోతాయి. కారు డ్యాష్‌బోర్డు ఎండలో వదిలేస్తే లేటెక్స్ సాగిపోతుంది. కొరికి ఊదే పిలుపులు నేర్చుకోవడం తేలికే, మంచి గొంతే వస్తుంది, కానీ వాటికి చెయ్యి కావాలి. విల్లు లాగి ఉన్నప్పుడు రెండు చేతులూ ఖాళీ ఉండవు. నడుస్తున్న పోతుని ఆపే ఆఖరి మ్యూ నోట్లోని డయాఫ్రమ్ తోనే సాధ్యం. ఎంత కష్టమైనా దాన్నే నేర్చుకోమనడానికి అదే కారణం.

అన్నీ కుదిరి కూడా పోతు 70 గజాల దగ్గర ఆగిపోయి, తేరిపార చూసి, వెనక్కి తిరిగే సంగతి ఉంది. దీనికి పిలుపుని తప్పుపడతారు. తప్పు చోటుది. పోతు చెవి చాలా కచ్చితమైనది. కూత ఏ చెట్టు దగ్గర నుంచి వచ్చిందో దానికి తెలుసు. ఆ చెట్టు కనబడే చోటికి వచ్చి, అక్కడ ఎల్క్ కనబడకపోతే ఆగుతుంది. కాబట్టి ఆ చెట్టు మొదటిసారి కనబడే చోటు మీ బాణం అందే దూరంలోనే ఉండాలి. బయలు మధ్యలో కూర్చుని కూయకండి. గట్టు మలుపు వెనక, దట్టమైన పొద వెనక, పడిపోయిన చెట్ల అవతల కూయండి. అది చూడాలంటే ముప్ఫై గజాల లోపుకి రావాల్సిందే అన్నట్టుండాలి.

ఇద్దరుంటే పని తేలిక. పూర్వం మన వేటగాళ్లు దీమాన్ని (ఎరగా కట్టే పెంపుడు జంతువుని) పెట్టి పక్కన మాటు వేసినట్టే: కూసేవాడు దీమం, విలుకాడు మాటు. విలుకాడు ముందు, కూసేవాడు 50 నుంచి 80 గజాల వెనక. పోతు ఎప్పుడూ తిన్నగా రాదు, కూసేవాడి వాసన పట్టడానికి గాలి దిగువకి చుట్టుతిరిగి వస్తుంది. అందుకని విలుకాడు తిన్నగా ముందు కాకుండా ఆ దిగువ వైపుకి జరిగి నిలబడాలి. పొద వెనక కాదు, పొద ముందు, నీడలో. వెనక ఉంటే విల్లు తిప్పడానికి చోటుండదు. పోతు ఆగిపోతే కూసేవాడు నోరు మూసుకోకుండా, ట్యూబు మూతి వెనక్కి తిప్పి కూస్తూ ఇంకా వెనక్కి నడవాలి. పెంటి దూరమైపోతోందని పోతు ముందుకొస్తుంది. ఒంటరిగా ఉంటే కూసి, వెంటనే గాలి దిగువ వైపుగా ముప్ఫై నలభై గజాలు ముందుకి జరిగి, ఆ తర్వాత మౌనం. పోతు మీరు కూసిన చోటికి వస్తుంది, మీరున్న చోటికి కాదు.

గాలి గురించి ఎంత చెప్పినా తక్కువే. రాత్రి చల్లగాలి లోయలోకి దిగుతుంది, పొద్దెక్కి వాలు వేడెక్కాక పైకెక్కుతుంది. ఈ రెంటి మధ్య ఓ గంటసేపు గాలి ఎటూ తేలక సుడి తిరుగుతుంది. ఆ గంటలో మంద దగ్గరికి వెళ్లడం కంటే కూర్చోవడం మేలు. గాలి ఎటు వీస్తోందో చూపే పౌడరు సీసా చేతిలో ఉంచుకుని ఐదు నిమిషాలకోసారి చూసుకోవాలి. అనుమానమొచ్చిన పోతుని కూతతో సర్దిచెప్పొచ్చు. మనిషి వాసన తగిలిన పోతుకి చెప్పడానికి ఏ మాటా లేదు.

అనుమానం మాటకొస్తే, మొరుగు ఒకటుంది. కుక్క ఒక్కసారి గట్టిగా "బౌ" అన్నట్టు, పదునుగా, ఒంటిగా. ఏదో తేడాగా ఉంది, ఏమిటో చూపించు అని దాని భావం. మొరుగు వినగానే వేట అయిపోయిందని లేచి నిలబడతారు చాలామంది. గాలి ఇంకా మీకు అనుకూలంగానే ఉంటే కదలకండి. మీరూ ఒక మొరుగు మొరిగి, వెంటనే మ్యూ కలిపితే, కొన్నిసార్లు నిమిషాల తరబడి అక్కడే నిలబడుతుంది, కొన్నిసార్లు మేతలో పడుతుంది. పెంటి మొరిగి, మంద మొత్తం కదిలిన చప్పుడైతే మాత్రం ఆ పూటకి దాన్ని వదిలేయండి. తరిమితే రెండు లోయల అవతల తేలుతుంది.

చెవికి శిక్షణ ఇవ్వాలంటే లైసెన్సు కూడా అక్కర్లేదు. సెప్టెంబరు చివర్లో డెన్వర్ నుంచి రెండు గంటల లోపు ప్రయాణంలో, రాకీ మౌంటెన్ నేషనల్ పార్కులో, మొరెయిన్ పార్క్, హార్స్‌షూ పార్క్ మైదానాల పక్కన సాయంత్రం కారు ఆపి కూర్చోండి. అక్కడ వేట లేదు, పిలుపులు ఊదడం నిషేధం, 75 అడుగుల కంటే దగ్గరికి వెళ్లకూడదు. కళ్లెదుట పోతు కూస్తుంది: ఎటు చూసి కూసింది, తర్వాత ఏం చేసింది, పెంటులు తలెత్తాయా లేదా. కాసేపు కళ్లు మూసుకుని దూరం అంచనా వేసి, తెరిచి సరిచూసుకోండి. పెట్టె వెనక పట్టిక ఇవ్వలేని చదువు ఇది.

చివరగా, బాణం వదిలే ముందూ వెనకా. పోతు తల చెట్టు చాటుకి వెళ్లినప్పుడే విల్లు లాగాలి. పక్కకి తిరిగి ఉంటేనో, కొద్దిగా అవతలికి తిరిగి ఉంటేనో వేయాలి. ఎదురుగా ఉన్నదాన్ని వదిలేయడమే మంచిది. గురి ముందుకాలి వెనక, ఒంటి ఎత్తులో కింది నుంచి మూడో వంతు. నడుస్తుంటే ఒక మ్యూ అనండి, ఆగుతుంది. బాణం తగిలిన మరుక్షణం ఇంకో మ్యూ, లేదా ఒక కూత. చాలామంది ఇక్కడే సంబరంలో పడి మరిచిపోతారు. ఏం జరిగిందో తెలియని పోతుకి ఆ క్షణంలో ఇంకో ఎల్క్ గొంతు వినిపిస్తే, పరుగు ఆపి నిలబడి వెనక్కి చూస్తుంది, చాలాసార్లు అక్కడే, ఎనభై వంద గజాల లోపే పడిపోతుంది. ఆ తర్వాత బాణాన్ని చూడండి. నురగతో గులాబీ రంగు నెత్తురైతే ఊపిరితిత్తులు. కనీసం అరగంట, ముప్పావుగంట ఆగి వెతకండి. పచ్చగా, పేడ వాసనొస్తే పొట్ట. కనీసం ఆరు గంటల పాటు, సాయంత్రమైతే తెల్లారే దాకా, అడుగు కదపకండి. కదిపితే గాయంతో మైళ్లు నడుస్తుంది, దొరకదు. పడ్డచోటికి చేరాక తోలు వెంటనే ఒలిచి, మాంసాన్ని ముక్కలు చేసి, గుడ్డసంచుల్లో నీడలో వేలాడదీయాలి. సెప్టెంబరు మధ్యాహ్నపు ఎండకి అంత పెద్ద ఒంట్లోని వేడి తోడై తుంటి ఎముక దగ్గర మాంసం ముందు పాడవుతుంది.